మన సంఘం బండికి డీజిలా, పెట్రోలా? కాస్త పాత కథ చెప్పాలి

మొన్న ఆదివారం మీటింగులో కొత్త పికప్ సంగతి తేలకుండానే అందరం లేచి వెళ్ళిపోయాం. "బరువులు మోసే బండికి పెట్రోలేంటయ్యా, డీజిలే కొనాలి" అని పెద్దలు అన్నారు. ఇప్పుడున్న బండి కొన్నప్పుడు, అదే హాల్లో, ఆ మాట అందరికంటే గట్టిగా అన్నది నేనే. ఆ బండి ఈవేళ షెడ్డులో ఉంది. అందుకని పోస్టు కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి. పెట్టేది మీ చందా డబ్బే కదా.

ముందు ఆ రాత్రి సంగతి. మన క్యాంపులో ఒక పెద్దాయన పోయారు. కూతుళ్ళు హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి రావాలి. ఫ్రీజర్ బాక్సు పక్క క్యాంపులో ఉంది, ఆరు కిలోమీటర్లు. బండి సగం దారిలో మీటరు మీద పసుపు దీపం వెలిగించి, ఎంత తొక్కినా ఇరవై దాటనని మొండికేసింది. చివరికి బాక్సుని ట్రాక్టరు ట్రాలీలో ఎక్కించి తెచ్చాం. ఆ ఇంటివాళ్ళు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఏ కంపెనీ బండో రాయను, తప్పు బండిది కాదు కాబట్టి. సింధనూరులో మెకానిక్ లాప్‌టాప్ పెట్టి చూసి, "ఇంజిన్ బిసినే ఆగంగిల్రీ" అన్నాడు. అసలు ఇంజను వేడే ఎక్కట్లేదని. మే నెలలో రాయచూరు ఎండ చూసినవాడెవడైనా ఆ మాటకి నవ్వుతాడు. నేనూ నవ్వాను. తర్వాత కూర్చుని చదివితే తెలిసింది, డీజిల్ ఇంజను చరిత్రంతా ఆ మాటలోనే ఉందని.

రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజను పదడుగుల ఎత్తుండేది. ఆయన దాన్ని బండి కోసం చేయలేదు. ఫ్యాక్టరీలో ఆవిరి యంత్రం బదులు పెట్టడానికి చేశాడు. పొద్దున వెలిగిస్తే సాయంత్రం దాకా ఒకే తీరున నడవాలి, తక్కువ నూనె తాగాలి, అంతే. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో ఒక చిన్న డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. మన రాయచూరు కాయలవాళ్ళు వింటే సంతోషిస్తారు. లారీలకి ఈ ఇంజను పెట్టడం 1920లలో గాని కుదరలేదు. 1936లో బెంజ్ వాళ్ళు డీజిల్ కారు తెస్తే దాన్ని ఎక్కువగా కొన్నది టాక్సీవాళ్ళు. రోజంతా తిరిగే పని వాళ్ళది మరి.

మన తాతలకి డీజిల్ అలాంటి పనిలోనే పరిచయమైంది. తుంగభద్ర డ్యాముకి 1945 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. కుడిగట్టు మద్రాసు వాళ్ళది, ఎడమగట్టు నిజాముది. 1953లో కాలవకి నీళ్ళొచ్చాయి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్ళు అక్కడి కొద్దిపాటి మాగాణి అమ్ముకుని, ఇక్కడ అంతకు ఎన్నో రెట్ల నల్లరేగడి కొని క్యాంపులు వేశారు. 1956లో రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళింది. మనం మాత్రం వరి మీదే ఉన్నాం. ఈ కాలవని జొన్న, పత్తి, వేరుశనగ లాంటి ఆరుతడి పంటలకి లెక్కవేసి కట్టారని, మన వరి వల్ల చివరి ఆయకట్టు మాన్వి వైపు రైతులు నీళ్ళకి అల్లాడారని ఒప్పుకోవాలి. అది ఇంకో పోస్టు.

వానాకాలం నల్లరేగడిలో ఎడ్లబండి ఇరుసు దాకా దిగబడేది. ఆ రోజుల్లో క్యాంపులో మోగే ఇంజను అంటే ఒకటి రైసు మిల్లుది, రెండోది కాలవలోంచి మెరక చేలకి నీళ్ళు తోడే ఆయిల్ ఇంజను. రెండూ డీజిలే. చిన్నప్పుడు మేం ఆ ఇంజను తొట్టి దగ్గర స్నానాలు చేసేవాళ్ళం. వెలిగించగానే వచ్చే నీళ్ళు చల్లగా ఉండేవి, గొట్టం నల్లటి పొగ కక్కేది. తొట్లో నీళ్ళు గోరువెచ్చన అయ్యేసరికి పొగ పల్చబడి, డుగ్‌డుగ్ శబ్దం సాఫీ అయ్యేది. మా నాన్న దాన్ని ఒకసారి వెలిగిస్తే చేను తడిసేదాకా ఆపేవాడు కాదు. "ఊరికే ఆపి వెలిగిస్తే పాడవుద్దిరా" అనేవాడు. మెకానిక్ కన్నడంలో చెప్పిందీ అదే.

ఆ తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, మటాడోర్ వ్యాన్లు వచ్చాయి, 1986లో టాటా 407 వచ్చింది. జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్‌ని మన హైదరాబాద్ బండి అని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. అన్నీ డీజిలే, అన్నిటికీ పని కూడా డీజిల్‌కి తగ్గదే. నిండా బస్తాలు, గంగావతికో రాయచూరుకో ప్రయాణం, గంటల తరబడి నడక. 1999 నుంచి పియాజియో ఏపే వచ్చి ఇక్కడ టంటం అయింది. 2005లో టాటా ఏస్ వచ్చింది. సుమారు 700 సీసీ, రెండు సిలిండర్లు, పదహారు గుర్రాల బలం. క్యాంపు నుంచి సంతకి, సంత నుంచి క్యాంపుకి తిరిగే చిన్న బండి మొదటిసారి నాలుగు చక్రాల మీద దొరికింది. పని దగ్గరి దూరమైంది గాని ఇంజను మాత్రం డీజిలే.

ఎందుకంటే డీజిల్ చవక. 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయలైతే డీజిల్ 41. లీటరుకి ముప్పై పైన తేడా ఉంటే ఇంజను వేడెక్కిందా లేదా అని ఎవడు చూస్తాడు? పైగా ఆ పాత ఇంజను ఓర్చుకునేది. కాలని మసిని గొట్టంలోంచి మన మొహాన కొట్టి పోయేది. నాజిలో పంపో పాడైతే సింధనూరులో ఒక పూట పని. కాబట్టి "డీజిలే" అన్న మన పెద్దల మాట వాళ్ళ రోజులకి నూటికి నూరుపాళ్ళు నిజం.

2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వం చెయ్యి తీసేసింది. ఇప్పుడు తేడా పది పన్నెండు రూపాయలకి దిగింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చింది. చిన్న డీజిల్ బండి కిలోమీటరుకి 25 మిల్లీగ్రాముల మసి వదలొచ్చన్నది కాస్తా 4.5కి తగ్గింది. అందుకని గొట్టంలో జల్లెడ లాంటి ఫిల్టరు పెట్టారు, డీపీఎఫ్ అంటారు. మసి అందులో చేరుతుంది. నిండినప్పుడు ఇంజను తనే ఎక్కువ డీజిల్ పోసుకుని, ఫిల్టరుని ఆరొందల డిగ్రీల దాకా వేడి చేసి ఆ మసిని కాల్చేస్తుంది. దానికి బండి ఆగకుండా ఒక ఇరవై నిమిషాలు మంచి వేగంతో పోవాలి. మనం ఐదు కిలోమీటర్లకే తాళం తిప్పేస్తాం. కాలడం మధ్యలో ఆగుతుంది, మసి మిగులుతుంది, కాలని డీజిల్ ఇంజనాయిల్లోకి దిగుతుంది. మన బండి డిప్‌స్టిక్ మీద ఆయిలు తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే "భలే బండి" అనుకున్నాను నేను!

ఇక్కడ జపాన్ మాట చెప్పాలి. వాళ్ళవీ మనలాగే వరి చేలు, ఇరుకు గట్లు. 1961లో సుజుకీ వాళ్ళు క్యారీ అని ఒక బుల్లి ట్రక్కు తెచ్చారు, 359 సీసీ పెట్రోలు ఇంజను. ఇంటి నుంచి చేనుకి, చేను నుంచి గోదాముకి తిరిగే ఆ బుల్లి బళ్ళకి అక్కడ ఈ రోజుకీ పెట్రోలే. అదే పేరుతో మారుతీ 2016లో మన దేశంలో సూపర్ క్యారీ తెచ్చినప్పుడు, మన అలవాటు తెలిసి డీజిల్ ఇంజను పెట్టింది. బీఎస్-6 రాగానే ఆ డీజిల్ ఆపేసి పెట్రోలు, సీఎన్‌జీలకి పరిమితమైంది. టాటా వాళ్ళు కూడా ఏస్‌లో పెట్రోలు తెచ్చారు. ఇంగ్లండులో అయితే ఇంటింటికీ పాలు పోసే బళ్ళు దశాబ్దాల కిందటే బ్యాటరీవి. గుమ్మం గుమ్మానికీ ఆగే పనికి అంతకంటే సుఖం లేదు.

మన లెక్కకి వద్దాం. లాగ్ బుక్కు మొత్తం తిరగేశాను. వంటపాత్రలు, షామియానా, కుర్చీలు, మంచినీళ్ళ డబ్బాలు, ఫ్రీజర్ బాక్సు. ట్రిప్పుల్లో ఎక్కువ భాగం ఏడెనిమిది కిలోమీటర్ల లోపువే. నెలకి 400 కిలోమీటర్లు అనుకోండి. పెట్రోలుకి లీటరుకి 16 వస్తే 25 లీటర్లు, సుమారు 2,550 రూపాయలు. డీజిల్‌కి 20 వస్తే 20 లీటర్లు, 1,800. నెలకి 750 మిగులు, ఏడాదికి తొమ్మిది వేలు. ఫిల్టరు విప్పి శుభ్రం చేయించి, ఆయిలు మార్పించి మొన్న మనం కట్టిన బిల్లు అంతకంటే ఎక్కువ. బరువంటారా, ఈ తరగతి పెట్రోలు బళ్ళు ముప్పావు టన్ను దాకా మోస్తాయి. మన షామియానా సామాను ఎప్పుడూ అంత లేదు.

నా ఓటు పెట్రోలుకే. సీఎన్‌జీ చవకే గాని, గ్యాసు కోసం బంకు దాకా పోయి క్యూలో నిలబడే పని ఉంటే ఆ ఆదా అక్కడే పోతుంది. బ్యాటరీ బండి మన పనికి బాగా సరిపోతుంది, అయితే అర్ధరాత్రి ఫోను వచ్చేసరికి ఛార్జింగు ఉండి తీరాలి. రోజూ ప్లగ్గు పెట్టే బాధ్యత ఎవరు తీసుకుంటారో చెబితే నేనూ ఆలోచిస్తాను. పెట్రోలు ఇంజనుకీ చిన్న ట్రిప్పులు మంచివి కావు. ఆయిల్లో తేమ చేరుతుంది. కిలోమీటర్లు కాలేదని ఊరుకోకుండా ఆరు నెలలకోసారి ఆయిలు మార్చాల్సిందే.

ఇది మన సంఘం బండి సంగతి మాత్రమే. వారానికి రెండుసార్లు బస్తాలతో గంగావతి పోయే మన తమ్ముళ్ళు డీజిల్ వదులుకోనక్కర్లేదు. షెడ్డులో ఉన్న బండిని వాళ్ళలో ఎవరైనా తీసుకుంటే దానికీ మంచిదే. ఇప్పటికే డీజిల్ పికప్ ఉండి ఊళ్ళోనే తిప్పుతున్నవాళ్ళు వారానికోసారి రాయచూరు రోడ్డు మీద ముప్పావుగంట ఆగకుండా నడపండి. పసుపు దీపం వెలిగితే ఇల్లొచ్చింది కదా అని ఆపేయకండి, ఇంకో చుట్టు తిరిగి రండి.

లాగ్ బుక్కు సంఘం ఆఫీసు బల్ల మీద పెట్టాను. ఆదివారం లోపు ఎవరైనా చూసుకోవచ్చు. ఫ్రీజర్ బాక్సు రాత్రి పేజీకి మడత పెట్టాను. "6 కి.మీ., దారిలో నిలిచింది" అని రాసింది నా చేతిరాతే.