ముందు మెట్లు, వెనక మెట్లు: దుకాణాల మెట్లకు ఉన్న చరిత్ర

ఈ రోజు మనం మెట్ల గురించి మాట్లాడుకుందాం. రాజుల చరిత్ర, యుద్ధాల చరిత్ర చాలా చెప్పుకున్నాం, మెట్లకు కూడా చరిత్ర ఉంటుందా అంటారేమో. ఉందండీ. అది మనుషుల ప్రాణాలతో రాసిన చరిత్ర.

నా వృత్తి మీలో కొందరికి తెలుసు. షాపులకు, ఆఫీసులకు ఇనుము, కర్ర కలిపి మెట్లు డిజైన్ చేస్తాను. కొంతకాలం క్రితం హైదరాబాద్‌లో ఒక బట్టల షోరూం ఓనరు గారు పిలిచారు. మూడంతస్తుల బిల్డింగు. లోపలికి అడుగు పెట్టగానే కనబడేలా ఉక్కు ప్లేట్ల మీద టేకు పలకలు వేసిన మెట్లు కావాలన్నారు. చాలా మంచి ఆలోచన. డ్రాయింగ్ పరిచాక వెనక మూలన ఉన్న రెండో మెట్ల మీద వేలు పెట్టి, "ఇంజినీరు గారూ, ఇవి తీసేస్తే నాకు స్టాకు రూము వస్తుంది కదా. ముందువి ఉక్కుతోనే కడుతున్నాం, ఉక్కు కాలదు. ఇక రెండోది ఎందుకండీ?" అన్నారు.

ఆ ప్రశ్నకు ఆ రోజు ఆయనకు చెప్పిన జవాబునే ఈ రోజు మీకు కొంచెం వివరంగా చెబుతాను.

ముందు కొలతలతో మొదలుపెడదాం. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్వా బ్లాండెల్ అనే వాస్తుశిల్పి ఉండేవారు. మెట్టు ఎత్తును రెండు రెట్లు చేసి, దానికి కాలు పెట్టే పలక లోతు కలిపితే మనిషి ఒక అడుగు దూరానికి సమానం కావాలి అని ఆయన సూత్రం. ఆయన లెక్కలో అది 24 ఫ్రెంచి అంగుళాలు, అంటే సుమారు 65 సెంటీమీటర్లు. ఇప్పుడు మన జాతీయ భవన నియమావళి చూడండి. షాపులకు, ఆఫీసులకు మెట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు, పలక లోతు 300కు తగ్గకూడదు. రెండు నూటయాభైలు మూడు వందలు, దానికి ఇంకో మూడు వందలు కలిపితే 600. మూడు వందల ఏళ్లు దాటినా లెక్క దాదాపు అక్కడే ఉంది. ఎందుకంటే మనిషి కాలు మారలేదు కదా!

కాలు మారలేదు కానీ మెట్లు కట్టే వస్తువు మారింది. చాలాకాలం పై అంతస్తుకు వెళ్లాలంటే చాలాచోట్ల కర్ర మెట్లే. 19వ శతాబ్దంలో పోత ఇనుము చవకై, వ్యాపారులకు కొత్త ఆయుధం దొరికింది. సన్నటి ఇనుప కమ్ముల మెట్లైతే వెలుతురుకు అడ్డం రావు, పైనుంచి కిందికి అంతా కనిపిస్తుంది. పారిస్‌లో బాన్ మార్షే లాంటి పెద్ద దుకాణాల్లో మెట్లంటే ఎక్కడానికి మాత్రమే కాదు, కొనేవాళ్లను పైకి లాగే ఎర అన్నమాట. చికాగోలో 1888లో పూర్తయిన రూకరీ భవనానికి వెళితే ఇప్పటికీ ఆ ఇనుప మెట్ల ముందు నిలబడి జనం ఫొటోలు దిగుతారు.

ఇంతలో ఇంకొకటి జరిగింది. 1857లో న్యూయార్క్ బ్రాడ్‌వే మీద హావౌట్ అనే పింగాణీ, గాజు సామాన్ల దుకాణంలో ఓటిస్ కంపెనీ మనుషులు ఎక్కే లిఫ్టు పెట్టింది. అయిదు అంతస్తుల షాపు అది. ఆ తరువాత లిఫ్టులు పెరిగే కొద్దీ అంతస్తులూ పెరిగాయి. మెట్లు రెండు జాతులుగా విడిపోయాయి. ముందు వైపు చూపించుకోవడానికి ఒకటి. వెనక, ఎవరూ చూడని చోట, చట్టం అడిగింది కాబట్టి కట్టేది ఇంకొకటి. డబ్బంతా మొదటిదానికి. మిగిలిన చోటు రెండోదానికి.

ఇప్పుడు ఓనరు గారి మాటకు వద్దాం. ఉక్కు కాలదు. నిజమే. కానీ మెత్తబడుతుంది. సుమారు 600 డిగ్రీల వేడికి ఉక్కు బలం సగానికి పడిపోతుంది. అగ్ని పరీక్షలు చేసే కొలిమిలో అయిదు నిమిషాలకే వేడి ఇంచుమించు ఆ దగ్గరికి వస్తుంది, అరగంటకు 840 దాటుతుంది. పైన ఏ పూతా లేని పల్చటి ఉక్కు ప్లేటు ఆ వేడిని గబగబా పట్టేస్తుంది. కర్ర సంగతి వేరు. అది అంటుకుంటుంది, కానీ పైన బొగ్గు పొర కట్టి లోపలిదాన్ని కాపాడుకుంటుంది. మామూలు మెత్తటి కర్ర దూలం నిమిషానికి ఒక మిల్లీమీటరు కంటే తక్కువే కాలుతుంది. టేకు లాంటి గట్టి కర్ర ఇంకొంచెం నెమ్మది. అలాగని కర్ర మంచిదని కాదు. పల్చటి పలక అయితే రెండు వైపుల నుంచీ కాలి పోతుంది, పొగ కూడా ఇస్తుంది.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదండీ. 19వ శతాబ్దం మధ్యలో లండన్ అగ్నిమాపక దళానికి అధిపతి జేమ్స్ బ్రెయిడ్‌వుడ్. కప్పు లేని పోత ఇనుము మంటల్లో నమ్మదగ్గది కాదని ఆయన గట్టిగా హెచ్చరించారు. 1861లో టూలీ స్ట్రీట్ గోదాముల మంటలు ఆర్పుతూ, గోడ కూలి ఆయనే చనిపోయారు.

సరే, 1911 మార్చి 25, న్యూయార్క్. శనివారం సాయంత్రం, పని ముగిసే వేళ. ఆష్ బిల్డింగు, పది అంతస్తులు. పై మూడు అంతస్తుల్లో ట్రయాంగిల్ అనే రవికల ఫ్యాక్టరీ. పని చేసేవాళ్లలో ఎక్కువమంది ఇటలీ నుంచి, తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదు కుటుంబాల నుంచి వచ్చిన ఆడపిల్లలు. బిల్డింగు మంటలకు తట్టుకునేదని పేరు. ఎత్తు 135 అడుగులు. 150 దాటలేదు కాబట్టి నేల, కిటికీ చట్రాలు కర్రతో పెట్టుకోవచ్చని చట్టం ఒప్పుకుంది. ఆ సైజు బిల్డింగుకు మూడు మెట్లదారులు ఉండాలి. కట్టింది రెండే. బయట వేలాడే ఇనుప ఫైర్ ఎస్కేప్‌ను మూడోదిగా లెక్కేసుకున్నారు. లోపలి మెట్ల వెడల్పు 33 అంగుళాలు. మీ ఇంటి గుమ్మం ఒకసారి కొలిచి చూడండి, దాదాపు అంతే ఉంటుంది.

ఎనిమిదో అంతస్తులో గుడ్డ ముక్కల పెట్టెలో నిప్పు పుట్టింది. పదో అంతస్తుకు ఫోను వెళ్లింది, అక్కడివాళ్లు చాలామంది కప్పు మీదుగా పక్క బిల్డింగులోకి బయటపడ్డారు. తొమ్మిదో అంతస్తుకు ఎవరూ చెప్పలేదు. అక్కడ ఒక మెట్లదారిని మంట పట్టేసింది. రెండో మెట్లదారి తలుపుకు తాళం. ఎందుకో తెలుసా? వెళ్లేటప్పుడు పిల్లల సంచులు వెతకడానికి అందరినీ ఒకే తలుపు గుండా పంపేవాళ్లు. ఇక మిగిలింది ఇనుప ఫైర్ ఎస్కేప్. వేడికి, మనుషుల బరువుకు అది వంగి, గోడ నుంచి ఊడి, మనుషులతో సహా కింద పడింది. ఫైరింజను నిచ్చెన ఆరో అంతస్తు దగ్గర ఆగిపోయింది. లిఫ్టు నడిపేవాళ్లు ప్రాణాలకు తెగించి మళ్లీ మళ్లీ పైకి వెళ్లి చాలామందిని దించారు. అయినా 146 మంది పోయారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ బిల్డింగు కూలలేదు. ఈ రోజుకీ నిలబడి ఉంది, న్యూయార్క్ యూనివర్సిటీ క్లాసులు జరుగుతున్నాయి. గోడలూ, స్తంభాలూ పరీక్ష పాసయ్యాయి. ఫెయిలైంది మెట్లు. వెడల్పు చాలలేదు, తలుపు తెరుచుకోలేదు, మూడో దారి కాగితం మీదే ఉంది.

ఆ రోజు రోడ్డు మీద నిలబడి ఇదంతా కళ్లారా చూసినవారిలో ఫ్రాన్సెస్ పెర్కిన్స్ ఒకరు. ఆమె తరువాత ఫ్యాక్టరీల విచారణలో పనిచేశారు, 1933లో అమెరికా కార్మిక మంత్రి అయ్యారు. అక్కడి అగ్ని రక్షణ సంఘం 1913లో ప్రాణ రక్షణ కోసం కమిటీ వేసింది, 1927లో బయటికి వెళ్లే దారుల మీదే ఒక నియమావళి అచ్చు వేసింది. మనిషి భుజాల వెడల్పు 22 అంగుళాలు అని పట్టుకుని, మెట్ల వెడల్పును ఆ లెక్కలో కొలవడం అలవాటైంది. 44 అంగుళాలంటే ఇద్దరు పక్కపక్కన దిగొచ్చు.

నేర్చుకున్న పాఠం మళ్లీ మర్చిపోవడం కూడా చరిత్రే. వరల్డ్ ట్రేడ్ సెంటర్ టవర్లలో మెట్లదారులు మూడేసి ఉండేవి. మూడూ బిల్డింగు మధ్యలోనే, పల్చటి జిప్సం పలకల గోడల మధ్య. 2001లో ఉత్తర టవరులో విమానం తగిలిన చోట మూడూ ఒకేసారి తెగిపోయాయి. ఆ పై అంతస్తుల్లో ఉన్నవాళ్లలో ఒక్కరూ బయటపడలేదు. దక్షిణ టవరులో ఒక్క మెట్లదారి మిగిలింది. దాని గుండా విమానం తగిలిన అంతస్తుల నుంచీ, ఆ పై నుంచీ కలిపి 18 మంది బయటపడ్డారు. ఒక్క మెట్లదారి విలువ ఎంత అంటే, పద్దెనిమిది ప్రాణాలు.

అంత దూరం ఎందుకు? 2022 సెప్టెంబరులో మన సికింద్రాబాద్‌లోనే, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి. కింద అంటుకున్న మంటల పొగ మెట్ల గుండానే పైకి వెళ్లింది. ఎనిమిది మంది చనిపోయారు. దిగడానికి ఉన్న దారే పొగ గొట్టం అయిపోయింది. అందుకే రెండో దారి మొదటిదానికి దూరంగా ఉండాలి. దానికి గోడ ఉండాలి, దానంతట అదే మూసుకునే తలుపు ఉండాలి.

షోరూం ఓనరు గారికి ఇదంతా చెప్పాను. చెప్పి, "ముందు మెట్లు మీ గిరాకీ కోసం, వెనక మెట్లు మీ గిరాకీని ఇంటికి పంపడం కోసం. రెండూ గీస్తేనే నేను సంతకం పెడతాను" అన్నాను. కొంచెంసేపు మౌనంగా ఉండి, ఒప్పుకున్నారు. ముందు మెట్లకు ఉక్కు ప్లేటు మీద 40 మిల్లీమీటర్ల టేకు పలకలు వేశాం. వెనకవి కాంక్రీటు గోడల మధ్య, మీటరున్నర వెడల్పు, తలుపు దిగేవైపు తెరుచుకునేలా. చూడటానికి ఏమీ ఉండదు, తెల్ల సున్నం, ఒక హ్యాండ్‌రైల్, అంతే.

షాపు తెరిచిన కొన్ని నెలలకు పండగ ముందు అటువైపు వెళ్లాను. ముందు మెట్ల మీద పిల్లలు ఫొటోలు దిగుతున్నారు, సంతోషం వేసింది. వెనక తలుపు తీశాను. మధ్య ల్యాండింగ్ నిండా చీరల కట్టలు, నడుము ఎత్తున. "సార్, పండగ స్టాకు, రెండు రోజులే" అన్నాడు అక్కడి కుర్రాడు. ఇద్దరం కలిసి గంటసేపు మోసి పక్కన పెట్టాం. ఓనరు గారు వచ్చి చూసి, ఏమీ అనకుండా తనూ ఒక కట్ట ఎత్తుకున్నారు. ఇప్పటికీ అప్పుడప్పుడూ వెళ్లి ఆ తలుపు తీసి చూస్తుంటాను. కొన్నిసార్లు ఖాళీగా ఉంటుంది. కొన్నిసార్లు ఉండదు.

ఈసారి ఏ మాల్‌కో, షోరూంకో వెళ్లినప్పుడు ఒక్క పని చేయండి. అందమైన మెట్లు చూడండి, తప్పకుండా చూడండి, వాటి వెనక మాలాంటి వాళ్ల కష్టం ఉంది. తరువాత రెండో మెట్లు ఎక్కడున్నాయో వెతికి, తలుపు ఒకసారి తోసి చూడండి. తెరుచుకోకపోతే మేనేజరును పిలిచి అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్కారం.