ఢిల్లీ వెళితే మక్బూల్ తిలంగానీని చూసి రండి



మన నూజివీడు మామిడికి ఢిల్లీ దారి కొత్త కాదు. ఏప్రిల్, మే నెలలొస్తే బంగినపల్లి కాయలు లారీలెక్కి ఆ వైపు పోతూనే ఉంటాయి. మనం మాత్రం ఎప్పుడో ఒకసారి వెళ్తాం. ఎర్రకోట, జామా మస్జిద్, కుతుబ్ మినార్, చాందినీ చౌక్ చూస్తాం. నాలుగు ఫొటోలు దిగి ఆగ్రా బస్సెక్కేస్తాం. అవన్నీ చూడదగ్గవే, కాదనను. కానీ ఆ షహర్‌లోనే మన తెలుగువాడొకాయన, సల్తనత్‌కి వజీర్‌గా చేసినాయన, ఆరున్నర శతాబ్దాలుగా మట్టిలో పడుకుని ఉన్నాడు. ఆ సంగతి మన ఖాందాన్‌లలో చాలామందికి తెలియదు.

ఆయన పేరు మక్బూల్. తారీఖ్ కితాబుల్లో ఖాన్-ఎ-జహాన్ మక్బూల్ తిలంగానీ. ఆ రోజుల్లో 'తిలంగ్' అంటే ఇవాళ్టి తెలంగాణ ఒక్కటే కాదు, తెలుగు మాట్లాడే దేశం. ఆ లెక్కన మనమూ తిలంగానీలమే.

1323లో ఓరుగల్లు కోట ఢిల్లీ ఫౌజుకి చిక్కింది. ఆ ఫౌజుని నడిపించింది ఉలుగ్ ఖాన్. తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సుల్తాన్ అయింది అతనే. కాకతీయ ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి తీసుకుపోతుంటే దారిలోనే చనిపోయాడు. నర్మదా నది ఒడ్డున కన్నుమూశాడని తెలుగునేల శాసనం ఒకటి చెబుతోంది. ఆ రాజు కొలువులో పెద్ద హోదాలో ఉన్న ఒకాయన సుల్తాన్ దగ్గరికొచ్చి కలిమా చదివాడనీ, సుల్తాన్ ఆయనకి మక్బూల్ అని పేరు పెట్టాడనీ షమ్స్ సిరాజ్ అఫీఫ్ అనే చరిత్రకారుడు ఫార్సీలో రాశాడు. మక్బూల్ అంటే కబూల్ అయినవాడు. మారన తన మార్కండేయ పురాణాన్ని అంకితమిచ్చిన గన్నయ సేనాని ఈయనేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం.

ఆయనకి చదవడం, రాయడం రాదని, అయినా అక్ల్‌లో మాత్రం దిట్ట అని అఫీఫే అంటాడు. నాకనిపించేది ఏమిటంటే, రానిది ఫార్సీ అయ్యుండాలి. కాకతీయుల కొలువులో ఎదిగిన మనిషికి ఏ అక్షరమూ రాదంటే నమ్మబుద్ధి కాదు. భాష మారిన చోట ఎంతటి చదువరి అయినా అన్పఢ్ అయిపోతాడు. గల్ఫ్ వెళ్ళొచ్చిన మన పిల్లలనడగండి, చెబుతారు.

ఆ తర్వాత మక్బూల్ ఓరుగల్లుకి ఢిల్లీ తరఫు హాకిమ్‌గా తిరిగొచ్చాడు. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు తిరగబడి ఓరుగల్లును గెలిస్తే ఢిల్లీకి వెళ్ళిపోయాడు. ఆ ఇంటిపేరు వింటే మన పక్కనున్న ముసునూరు గుర్తొస్తుంది కదా! గెలిచినవాడూ తెలుగువాడే, ఓడి వెళ్ళినవాడూ తెలుగువాడే. ఈ కథని మతాల జంగ్‌గా చెప్పేవాళ్ళు ఈ ఒక్క ముక్క దగ్గర ఆగి ఆలోచించాలి.

1351లో ముహమ్మద్ బిన్ తుగ్లక్ సింధ్‌లో ఇంతెకాల్ అయ్యాడు. ఢిల్లీలో ఉన్న ముసలి వజీర్ ఒక చిన్న పిల్లవాణ్ణి తఖ్త్ మీద కూర్చోబెట్టాడు. మక్బూల్ మాత్రం ఢిల్లీ విడిచి ఫిరోజ్ షా పక్షాన చేరాడు. ఫిరోజ్ సుల్తాన్ అయ్యాక ఆయన్ని వజీర్ చేసి, ఖాన్-ఎ-జహాన్ అనే ఖితాబ్ ఇచ్చాడు. సుల్తాన్ నెలల తరబడి దండయాత్రల్లో ఉంటే రాజధానిలో హుకూమత్ నడిపింది ఈయనే. అసలు సుల్తాన్ ఖాన్-ఎ-జహానే అని ఫిరోజ్ షా తానే అనేవాడట. నేనాయన్ని వలీ అనడం లేదు. అన్ని రాజ్యాల్లాగే అదీ పన్నుల మీద, కత్తుల మీద నడిచిన రాజ్యం. కానీ ఓడిన దేశం నుంచి పరాయి షహర్‌కి వెళ్ళి అంత ఎత్తుకి చేరిన మనిషిని మన పిల్లలకి పరిచయం చేయకపోతే ఎలా?

ఇక దారి చెబుతాను. విజయవాడలో రైలెక్కితే ఢిల్లీ దాదాపు 1,750 కిలోమీటర్లు. వీలైతే వరంగల్, నాగపూర్, భోపాల్ మీదుగా వెళ్ళే బండి పట్టుకోండి. వరంగల్ స్టేషన్‌లో ఈ కథ మొదలుపెట్టండి. ఇటార్సీ దాటాక నర్మద మీద వంతెన వస్తుంది. ప్రతాపరుద్రుడి ప్రయాణం ఈ నది దగ్గరే ఆగిపోయిందని పిల్లలకి చూపించండి. ఓరుగల్లు నుంచి ఢిల్లీ ఎంత దూరమో, ఆ రోజుల్లో ఆ సఫర్ ఎంత కష్టమో పుస్తకం చదివితే తెలియదు, కిటికీ పక్కన కూర్చుంటే తెలుస్తుంది.

మొదటి రోజు హజ్రత్ నిజాముద్దీన్ బస్తీకి వెళ్ళండి. 1325లో కన్నుమూసిన నిజాముద్దీన్ ఔలియా దర్గా అక్కడే. అదే ఏడు పోయిన ఆయన మురీద్ అమీర్ ఖుస్రో మజార్ కూడా అదే ఆవరణలో ఉంది. ఖుస్రో హిందూస్తాన్ భాషల పేర్లు చెబుతూ 'తిలంగీ'ని కూడా లెక్కలో చేర్చాడు. ఏడు వందల ఏళ్ళ కిందట ఢిల్లీలో కూర్చున్న షాయర్ మన భాషని పేరుపెట్టి పిలిచాడన్నమాట. దర్గా లోపలి గదిలోకి ఆడవాళ్ళని పోనివ్వరు. జాలీ దగ్గర నిలబడి దువా చేసుకోవచ్చు. దగ్గర్లోనే మీర్జా గాలిబ్ మజార్ కూడా ఉంది.

అదే బస్తీ సందుల్లో అడుగుతూ వెళితే తిలంగానీ మఖ్బరా దొరుకుతుంది. 1368 ప్రాంతంలో ఆయన పోయాక కొడుకు జూనా షా కట్టించాడు. ఎనిమిది పలకల కట్టడం, చుట్టూ వరండా, ఒక్కో వైపున మూడేసి కమానులు, పైన గుంబద్. ఢిల్లీలో ఎనిమిది పలకలతో కట్టిన మొదటి మఖ్బరా ఇదే. తర్వాత సయ్యద్, లోదీ సుల్తాన్‌లు తమ సమాధులకి ఈ నమూనానే తీసుకున్నారు. ససరాంలో షేర్ షా మఖ్బరా కూడా ఇదే ఒరవడి. అయితే లోదీ గార్డెన్‌లో ముహమ్మద్ షా, సికందర్ లోదీల సమాధుల చుట్టూ పచ్చిక ఉంది, టూరిస్టులున్నారు. తిలంగానీ చుట్టూ ఇళ్ళు ఒత్తుకొచ్చేశాయి. ఏళ్ళ తరబడి కట్టడంలోనే జనం కాపురాలు పెట్టుకున్నారు. అక్కడికి పోయినప్పుడు సలాం చెప్పి, అక్కడివాళ్ళ ఇజాజత్ తీసుకుని చూడండి. నిలబడి ఒక ఫాతిహా చదవండి.

దగ్గర్లోనే 1370-71లో జూనా షా కట్టించిన కాలీ మస్జిద్ ఉంది.

రెండో రోజు ఫిరోజ్ షా కోట్లా చూడండి. మక్బూల్ వజీరీ చేసిన కాలంలోనే ఫిరోజ్ కట్టుకున్న రాజధాని అది. తోప్రా నుంచి పడవల మీద తెప్పించి నిలబెట్టిన అశోకుడి రాతి స్తంభం ఇప్పటికీ అక్కడ నిలబడి ఉంది. అక్కణ్ణుంచి రిక్షాలో తుర్క్‌మాన్ గేట్ చేరితే కలాన్ మస్జిద్. ఎత్తైన అరుగు, పొడవాటి మెట్లు, బరువైన గోడలు. 1387లో జూనా షా కట్టించాడు. షాజహాన్ తన షహర్‌కి పునాది వేసే నాటికే దాని వయసు రెండున్నర వందల ఏళ్ళు. ఇవాళ్టికీ నమాజు జరుగుతోంది, ఒక వక్త్ అక్కడ చదువుకోండి. అదే 1387లో షెహజాదాతో తగవు ముదిరి జూనా షా మేవాత్ పారిపోయాడు. పట్టి తెచ్చి చంపేశారు. ఆ ఖాందాన్ హోదా అంతటితో అయిపోయింది, మస్జిద్‌లు మిగిలాయి.

టైముంటే దక్షిణ ఢిల్లీలో సాకేత్ దగ్గరున్న ఖిర్కీ మస్జిద్‌కీ వెళ్ళండి. అదీ జూనా షాదే అంటారు. రాతి జాలీల కిటికీల వల్లే ఆ పేరు. నాలుగు సహన్‌లు మినహా అంతా కప్పు ఉన్న మస్జిద్ మన వైపు పిల్లలు చూసి ఉండరు.

ఇదంతా ఎందుకంటే, మన పిల్లల్ని ఇక్కడ "మీరు తురకలు కదా, తెలుగు ఇంత బాగా ఎలా మాట్లాడతారు?" అంటారు. ఢిల్లీ పోతే అక్కడి మన బిరాదరీ వాళ్ళే "మద్రాసీవా?" అని నవ్వుతారు. రెండు చోట్లా పిల్లలు తల దించుకోవడం నేను చూశాను. ఆ బస్తీలో పడుకున్న పెద్దమనిషి పేరులోనే రెండూ ఉన్నాయి. మక్బూల్ ఒకటి, తిలంగానీ ఒకటి. అంత పెద్ద పదవికెక్కాక కూడా ఆ రెండోది ఆయన పేరు నుంచి ఊడిపోలేదు.

వెళ్ళేందుకు అక్టోబర్, నవంబర్ నెలలు మేలు. ఎండా ఉండదు, పొగమంచు ఇంకా ముదరదు. తోటలో పూత మొదలయ్యేలోపు ఇంటికి తిరిగొచ్చేయొచ్చు. ఖుదా హాఫిజ్.