గరగర లేని రేడియో

బడి జ్ఞాపకాలు అందరూ రాస్తారు, నీకు బాగా తెలిసిన విషయం మీద ఒక వ్యాసం రాయమని సావనీర్ కమిటీ మిత్రులు అడిగారు. ఉద్యోగం కరెంటు ఆఫీసులో చేసినా నాకు బాగా తెలిసింది రేడియో ఒక్కటే. అందులోనూ ఎఫ్.ఎం.

మన తరానికి రేడియో అంటే మీడియం వేవ్. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద ఉండేది. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గారి గొంతు వినిపిస్తుంటే వీధిలో పిల్లలం కూడా అరుగు ఎక్కి కూర్చునేవాళ్లం. పక్కింట్లో ట్యూబ్‌లైటు వేస్తే చరచర, దూరంగా మెరుపు మెరిస్తే పటపట. సిలోన్ నుంచి మీనాక్షి పొన్నుదురై గారు వినిపించే తెలుగు పాటలైతే షార్ట్ వేవ్‌లో దగ్గరికొస్తూ దూరంగా పోతూ ఉండేవి. ఆ గరగర రేడియోతో పుట్టిందనే అనుకున్నాం. అది పోగొట్టవచ్చని మనం పుట్టకముందే ఒక మనిషి రుజువు చేశాడనీ, ఆ రుజువు అతని ప్రాణం మీదకు తెచ్చిందనీ చాలా ఏళ్ల తర్వాత చదివాను.

అతను ఎడ్విన్ హోవార్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్. 1890లో న్యూయార్క్‌లో పుట్టాడు. 1912లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉండగానే, బలహీనమైన సంకేతాన్ని ఎన్నో రెట్లు పెంచే రీజనరేటివ్ సర్క్యూట్ కనిపెట్టాడు. 1918లో అమెరికా సైన్యంలో పనిచేస్తూ పారిస్‌లో సూపర్ హెటెరోడైన్ పద్ధతి రూపొందించాడు. మన ఇళ్లలోని వాల్వు రేడియోలూ, నాన్న భుజాన వేసుకుని పొలం తీసుకెళ్లిన ట్రాన్సిస్టరూ ఆ పద్ధతిలో పనిచేసినవే.

గరగర సంగతి అంతకంటే కష్టం. మెరుపులూ మోటార్లూ పుట్టించే గోల ప్రధానంగా తరంగం ఎత్తును కదిలిస్తుంది. మీడియం వేవ్‌లో మాట కూడా ఆ ఎత్తులోనే ఉంటుంది. రెండింటినీ విడదీయడం పాలలో కలిసిన నీళ్లను విడదీసినట్టే. ఆర్మ్‌స్ట్రాంగ్ మాటను ఎత్తులోంచి తీసి పౌనఃపున్యంలో పెట్టాడు. వీణ తెలిసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. తీగను గట్టిగా మీటడం, మెల్లగా మీటడం ఒక సంగతి. మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం పలికించడం మరో సంగతి. ఎఫ్.ఎం. రిసీవరు మీటు బలాన్ని పట్టించుకోదు, గమకాన్నే వింటుంది. తరంగం ఎత్తులో వచ్చిన హెచ్చుతగ్గుల్ని లిమిటర్ అనే భాగం కత్తిరించి పారేస్తుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. జాన్ కార్సన్ అనే ఇంజనీరు 1922లోనే లెక్కలు కట్టి, దీనివల్ల లాభం లేదని తేల్చాడు. ఆయన చూసింది ఇరుకైన దారిని. ఆర్మ్‌స్ట్రాంగ్ అందుకు విరుద్ధంగా వెళ్లి, తరంగం ఊగే మేరను బాగా వెడల్పు చేశాడు. గోల అణిగిపోయింది. 1933 డిసెంబరు 26న పేటెంట్లు వచ్చాయి. 1935 నవంబరు 5న న్యూయార్క్‌లో ఇంజనీర్ల సభ ముందు ప్రదర్శన పెట్టాడు. యాంకర్స్ అనే ఊళ్లో మిత్రుడి ఇంటి నుంచి ప్రసారం. గ్లాసులో నీళ్లు పోసిన చప్పుడు, కాగితం నలిపిన చప్పుడు సభలో ఉన్నవాళ్లకు ఉన్నదున్నట్టు వినిపించాయి.

ఆర్.సి.ఎ. కంపెనీ అధిపతి డేవిడ్ సార్నాఫ్ అతని పాత స్నేహితుడు. ఆర్మ్‌స్ట్రాంగ్ భార్య మారియన్ పెళ్లికి ముందు సార్నాఫ్ దగ్గరే సెక్రటరీ. గరగర తీసేసే చిన్న పెట్టె ఏదైనా కావాలని సార్నాఫ్ కోరాడు. స్నేహితుడు తెచ్చింది చిన్న పెట్టె కాదు, ట్రాన్స్‌మిటర్లు, రిసీవర్లు అన్నీ మార్చాల్సిన కొత్త వ్యవస్థ. అప్పటికి కంపెనీ చూపంతా టెలివిజన్ మీద ఉంది. ఎంపైర్ స్టేట్ భవనం మీది ప్రయోగ సామగ్రిని తీసేయమని 1935లో ఆర్మ్‌స్ట్రాంగ్‌కు చెప్పారు. సార్నాఫ్‌ను ఉత్త దుర్మార్గుడని నేననను. తన కంపెనీ లాభం తాను చూసుకున్నాడు. కానీ తర్వాత జరిగింది క్షమించడం కష్టం.

ఆర్మ్‌స్ట్రాంగ్ సొంత డబ్బుతో న్యూజెర్సీలోని ఆల్పైన్‌లో పెద్ద టవరు కట్టించాడు. 1941 జనవరి 1 నుంచి ఎఫ్.ఎం.కు వాణిజ్య అనుమతి దొరికింది. 1945లో ప్రభుత్వ సంస్థ ఎఫ్.ఎం.ను పాత 42–50 మెగాహెర్ట్జ్ నుంచి పైకి, ఇప్పుడు మన డయల్ మీద ఉండే చోటికి మార్చింది. జనం కొనుక్కున్న లక్షల సెట్లు ఒక్క నిర్ణయంతో పనికిరాకుండా పోయాయి. 1948లో అతను ఆర్.సి.ఎ. మీద దావా వేశాడు. ఏళ్ల తరబడి విచారణలతో డబ్బు, ఆరోగ్యం, సంసారం అన్నీ చెడ్డాయి. 1954 జనవరి చివరి రోజున పదమూడో అంతస్తు కిటికీలోంచి దూకేశాడు. మారియన్ ఆ దావాల్ని వదల్లేదు. ఆర్.సి.ఎ.తో రాజీ అదే ఏడాది కుదిరింది. మోటరోలాతో సాగిన ఆఖరి వ్యాజ్యం 1967లో ఆమెకు అనుకూలంగా ముగిసింది.

అతను పోయిన మరుసటి ఏడాదే, 1955 మే 2న, బి.బి.సి. కెంట్ ప్రాంతంలోని రాథమ్ నుంచి ఎఫ్.ఎం. ప్రసారాలు మొదలుపెట్టింది. 1961లో అమెరికా స్టీరియో పద్ధతిని ఖరారు చేసింది. అందులో కుడి ఎడమల మొత్తం ఒక చోట, వాటి తేడా మరో చోట వస్తాయి, దారి చూపడానికి 19 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నటి పైలట్ స్వరం. పాత మోనో సెట్టుకు మొత్తం ఒక్కటే చాలు, కాబట్టి అది కూడా మూలన పడలేదు. 1945లో జనం సెట్లను చెత్త చేసినవాళ్లకు ఈ ఇంగితం అప్పుడుంటే ఎంత బాగుండేది!

అప్పటి నుంచి హైఫై ట్యూనర్ల కాలం. ట్యూనర్‌లో స్పీకరు ఉండదు, యాంప్లిఫయరు ఉండదు. గాలిలోంచి స్టేషన్‌ను శుభ్రంగా పట్టి ఇవ్వడమే దాని పని. 1964లో వచ్చిన మరాంట్జ్ 10బి ముందు పలక మీద చిన్న ఆసిలోస్కోప్ తెరే పెట్టారు. తర్వాత జపాన్ కంపెనీలు ఆ పనితనాన్ని మధ్యతరగతి ఇంటికి తెచ్చాయి.

మన దేశంలో తొలి ఎఫ్.ఎం. 1977 జూలై 23న మద్రాసులో మొదలైంది. మన ఊళ్లకు చాలా ఆలస్యంగా వచ్చింది. మీడియం వేవ్ స్టేషన్ల మధ్య 9 కిలోహెర్ట్జే ఎడం, అందుకే తంబురా జీరంతా అక్కడ ఆవిరైపోయేది. ఎఫ్.ఎం.లో 15 కిలోహెర్ట్జ్ వరకు వస్తుంది. తీరా అంత విశాలమైన దారి వేశాక దాని మీద ఏం నడిపిస్తున్నాం? 2006 నుంచి హైదరాబాద్‌లో ప్రైవేటు స్టేషన్లు వచ్చాయి. పాట మెల్లగా ఉండే చోటూ గట్టిగా ఉండే చోటూ ఒకే ఎత్తుకు నొక్కేసి, మీద ప్రకటనలు. మంచి ట్యూనర్ ఈ లోపాన్ని దాచదు, ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. నా ఇంట్లో ముల్లు ఎక్కువగా ఆకాశవాణి రెయిన్‌బో 101.9, వివిధభారతి 102.8 మధ్యే తిరుగుతుంది. రాత్రి పూట అనౌన్సరు ఊపిరి పీల్చుకోవడం, చేతిలో కాగితం తిప్పడం వినిపిస్తాయి.

నా ట్యూనర్ మన 1976 బ్యాచ్ మిత్రుడు న్యూజెర్సీ నుంచి మోసుకొచ్చింది. అక్కడికి వెళ్లినప్పుడు వాడే నన్ను హడ్సన్ నది ఒడ్డున కొండ మీదికి తీసుకెళ్లి ఆల్పైన్ టవరు చూపించాడు. మూడు అడ్డకమ్మీలతో ఇంకా నిలబడే ఉంది. 2001 సెప్టెంబరు 11న జంట సౌధాలు కూలినప్పుడు వాటి మీది ఏరియల్స్ పోగొట్టుకున్న టి.వి. స్టేషన్లు కొన్ని ఈ టవరునే ఆశ్రయించాయి.

విదేశాల్లో ఉన్న మన మిత్రులు పాత ట్యూనర్ తెద్దామనుకుంటే కొన్ని సంగతులు. అమెరికా సరుకు 120 వోల్టులది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. అక్కడి డిజిటల్ ట్యూనర్లు చాలావరకు బేసి దశాంశాల మీదే ఆగుతాయి, 101.9 దొరుకుతుంది, 102.8 దొరకదు. ముల్లు తిరిగే పాత రకమే మేలు. అక్కడి డీ-ఎంఫసిస్ 75 మైక్రోసెకన్లు, మనది 50, అలాగే వదిలేస్తే తాళాల మెరుపు తగ్గుతుంది. నేను రెండు కెపాసిటర్లు మార్చి సరిచేసుకున్నాను. జపాన్‌లో అమ్మినవైతే అసలే వద్దు, వాళ్ల డయల్ మన స్టేషన్ల దాకా రాదు. ఏరియల్‌కు ఖర్చేమీ లేదు. పాత టి.వి. రిబ్బన్ వైరు నాలుగున్నర అడుగులు కోసి, రెండు చివర్లూ కలిపి, మధ్యలో ఒక తీగను తెంచి, ఆ రెండు కొసలకు ట్యూనర్ దాకా మరో రిబ్బన్ తగిలించి గోడకు కొడితే చాలు. దాన్ని ఎటు తిప్పితే బాగా పలుకుతుందో మీటరు ముల్లు చూసుకుంటూ ఒక సాయంత్రం గడపండి. చిక్కు వస్తే నాకు ఫోన్ చేయండి. నంబరు సంఘం డైరెక్టరీలో ఉంది.