చెరుకు రసం మామిడి: అంటు కడితేనే మిగిలేది

మే నెలలో కంకిపాడు సెంటర్లో బంగినపల్లి అడిగితే ఏ బండి మీదైనా దొరుకుతుంది. చెరుకు రసం అడిగితే మాత్రం నాలుగు బండ్లు తిరగాలి. పాత కృష్ణా జిల్లా అంటేనే రసాలకు పేరు కదా, మరి ఇలా ఎందుకయింది? కాస్త వెనక్కి వెళ్లి చూద్దాం.

ముందు నేల సంగతి. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కాలవ పారిన మన పల్లపు నల్లనేలల్లో వరి, చెరుకు నిలబడ్డాయి. మామిడికేమో వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే పడదు. అందుకే పెద్ద తోటలు మెట్టలో, నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట వైపు పెరిగాయి. మన దగ్గర పెరట్లోనో గట్టు మీదో ఒకటి రెండు చెట్లే. చెరుకు పల్లం పంట, చెరుకు రసం మెట్ట పంట అన్నమాట.

చిన్న రసం, పెద్ద రసం, చెరుకు రసం... ఇవేవీ కోసుకు తినే పండ్లు కావు. అరచేతుల మధ్య మెల్లగా పిసికి, ముచిక తీసి, మొదటి చుక్క సొన పిండి పారేసి, జుర్రుకోవాలి. పీచు ఉంటుంది, రసమంతా ఆ పీచులోనే. చెరుకు రసానికి ఆ పేరు తెచ్చింది దాని తీపే.

చిక్కంతా ఇక్కడే. మెత్తబడితేనే రుచొచ్చే పండు దూరం పోలేదు. బంగినపల్లికి గట్టి కండ, పీచు లేదు, నున్న మార్కెట్లో లారీ ఎక్కితే ఢిల్లీ దాకా తట్టుకుంటుంది. ధర దానికే, కొత్త తోటలూ దానికే. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మంచి పండే, కాదనను. కానీ లారీకి నచ్చిన పండే చివరికి మన ఇంటికీ మిగిలింది.

ఇక అసలు విషయం. ఈ రకాల టెంక పాతితే తల్లి కాయ రాదు. ఈగలు ఏ చెట్టు పుప్పొడి తెచ్చాయో, మొలక ఆ కలగలుపే. అంటే ఇవాళ ఉన్న చెరుకు రసం చెట్లన్నీ ఎప్పుడో ఎవరి దొడ్లోనో మొలిచిన ఒక్క టెంక చెట్టు కొమ్మలే. చేతి నుంచి చేతికి అంటు కడుతూ మన దాకా తెచ్చారు. ఇది గాదెలో విత్తనం దాచుకునే పంట కాదు. అంటు ఆగితే రకం ఆగిపోతుంది. కొత్తపల్లి కొబ్బరి, పంచదార కలశ, ఇమాం పసందు, అన్నిటి సంగతీ ఇంతే.

మెట్టలో పాత తోటలు తీసి ఆయిల్ పామ్, మొక్కజొన్న వేస్తున్నారు. రైతును అనడానికి లేదు, పూత నిలవని ఏడాది ఆ అప్పు ఎవరు తీరుస్తారు? కానీ చెట్టు కొట్టే ముందు ఒక్క పని చేయొచ్చు. వానలు పడ్డాక మూడు నాలుగు నెలల వయసు కొమ్మ చూసుకోండి. వారం పది రోజుల ముందే, తొడిమ ఉంచి ఆకులు కత్తిరించండి. మొగ్గ ఉబ్బాక కోసి, అదే లావున్న టెంక మొక్కకు అంటు కట్టించండి. నర్సరీ వాళ్లకిది రోజూ చేసే పనే. పల్లంలో ఉన్నవాళ్లు మట్టి ఎత్తు చేసి పెరట్లో ఒక్క మొక్క పెట్టుకున్నా చాలు.

ఈ సీజన్లో రసాలు కనబడితే మరీ గీచి బేరమాడకండి, ఓ డజను కొనండి. కొనేవాడుంటేనే అంటు కట్టేవాడుంటాడు.