బాప్తిస్మం తర్వాత రమాబాయి

పండిత రమాబాయి గురించి రెండు కథలు ప్రచారంలో ఉన్నాయి. జాతీయవాదుల కథలో ఆమె మతాన్నీ సమాజాన్నీ వదిలేసిన ద్రోహి. మిషనరీల కథలో చీకటిలోంచి వెలుగులోకి నడిచిన బ్రాహ్మణ వితంతువు. రెండూ 1883 సెప్టెంబరు 29న ఇంగ్లండులోని వాంటేజ్‌లో ఆమె తీసుకున్న బాప్తిస్మం దగ్గరే ఆగిపోతాయి. ఆ తర్వాత ఆమె ఏం అడిగింది, ఎవరితో వాదించింది అన్నది ఆ రెండు కథలకూ అక్కర్లేదు. స్త్రీల చరిత్ర చదివే మనకు అసలు కావలసింది అదే.

1858లో పశ్చిమ కనుమల్లోని గంగామూల అడవిలో పుట్టిన రమాబాయికి సంస్కృతం నేర్పింది తల్లి లక్ష్మీబాయి. ఆ తల్లికి నేర్పింది భర్త అనంతశాస్త్రి డోంగ్రే. ఆడదానికి దేవభాష నేర్పడాన్ని పండితులు తప్పుపట్టారు. పుణ్యక్షేత్రాల్లో పురాణాలు చెప్పుకుంటూ తిరిగిన ఆ కుటుంబంలో తల్లిదండ్రుల్నీ, అక్కనీ కరువు మింగేసింది. అన్నతో కలిసి 1878లో కలకత్తా చేరిన రమాబాయికి అక్కడి పండితులు ‘పండిత’, ‘సరస్వతి’ బిరుదులిచ్చారు. స్త్రీలు ముట్టకూడదన్న వేదాన్ని కేశవ చంద్ర సేన్ ఆమె చేతికిచ్చాడు. చదివేకొద్దీ ఆమెకు ఒక విషయం స్పష్టమైంది. శాస్త్రాలు అన్నింట్లోనూ ఒకదానితో ఒకటి విభేదిస్తాయి గానీ, స్త్రీ నీచురాలనీ, మగవాడిలా మోక్షానికి అర్హురాలు కాదనీ చెప్పడంలో మాత్రం ఏకమవుతాయి. 1907లో రాసిన తన విశ్వాస సాక్ష్యంలో ఆమె ఈ సంగతి చెప్పింది. ఆమె క్రైస్తవం వైపు మళ్ళడానికి మూలం ఈ చదువులోనే ఉంది.

1880లో కులం కాని బిపిన్ బిహారీ మేధ్విని పెళ్ళాడింది. 1882లో కలరాతో అతను పోయేనాటికి చేతిలో పసిబిడ్డ మనోరమ. ఆ ఏడే పుణెలో ఆర్య మహిళా సమాజ్ పెట్టి, హంటర్ కమిషన్ ముందు స్త్రీలకు స్త్రీ వైద్యులూ టీచర్లూ కావాలని వాదించింది. వైద్యం చదవాలని 1883లో ఇంగ్లండు వెళ్ళింది గానీ వినికిడి లోపం అడ్డొచ్చింది. వాంటేజ్ సిస్టర్లు లండన్‌లోని ఫుల్హమ్‌లో, లోకం ‘చెడిపోయిన’వాళ్ళని ముద్రవేసిన స్త్రీలకు ఒక ఆశ్రయం నడిపేవారు. ఇలాంటి స్త్రీలను దండించకుండా దగ్గరికి తీసుకోవడమేమిటని ఆమె ఆశ్చర్యపోయింది. ఒక సిస్టర్ జవాబుగా యోహాను సువార్త నాలుగో అధ్యాయంలోని సమరయ స్త్రీ కథ చెప్పింది. బావి దగ్గర ఆ స్త్రీతో క్రీస్తు మాట్లాడింది ఆరాధన గురించి, సత్యం గురించి. శాస్త్రాల్లో రమాబాయికి దొరకని చోటు ఇక్కడ దొరికింది.

అయితే చోటు ఇచ్చిన చర్చి దానికి హద్దులు కూడా గీసింది. చెల్టెన్‌హామ్ లేడీస్ కాలేజీలో ఉన్నప్పుడు ఆమె మగవాళ్ళకు పాఠం చెప్పే ప్రస్తావన వస్తే, భారతదేశంలో పనిచేసిన బిషప్పులు వద్దన్నారు. తన దేశంలో ఊరూరా మగవాళ్ళ సభల్లో ఉపన్యసించిన మనిషికి ఈ ఆంక్ష! సిలువ మీద లాటిన్ అక్షరాలెందుకు, సంస్కృతం ఎందుకు కాకూడదని అడిగింది. గుడ్డు కలిసిన తీపి వంటకం తిననంటే అది కులగర్వమన్నారు. త్రిత్వ సిద్ధాంతం మీద ప్రశ్నలు వేస్తే అవిధేయత అన్నారు. తాను ప్రేమగా ‘ఆజీబాయి’ అని పిలుచుకున్న సిస్టర్ జెరాల్డీన్‌కు రాసిన ఉత్తరాల్లో ఆమె తన వాదన దాచలేదు. ఎంతో కష్టపడి ఒక పురోహితవర్గం కాడి దింపుకున్నాననీ, ఇంకొకటి మెడకెత్తుకోననీ, తన అంతరాత్మకు తనే జవాబుదారుననీ చెప్పింది. సత్యం మనిషిని స్వతంత్రం చేస్తుందన్న యోహాను సువార్త మాటను, సువార్త చేతికిచ్చినవాళ్ళ మీదే ఆమె ప్రయోగించింది.

ఇక్కడ ఆమెను అర్థం చేసుకున్న కొద్దిమందిలో జోతిబా ఫూలే ఒకరు. సత్యశోధక్ సమాజ్ స్థాపకుడైన ఫూలే 1885లో ‘సత్సార్’లో ఆమె మతమార్పిడిని సమర్థించాడు. సంస్కర్తలకు ఆ ధైర్యం చాల్లేదు. 1889లో బొంబాయిలో వితంతువుల కోసం ఆమె పెట్టిన శారదా సదన్ మరుసటి ఏడు పుణెకు మారింది. అక్కడ కొందరు బాలికలు క్రైస్తవ ప్రార్థనల వైపు ఆకర్షితులయ్యారన్న గొడవలో, తిలక్ ‘కేసరి’ దాడి మధ్య, 1893లో రానడే, భండార్కర్ సలహా సంఘం నుంచి తప్పుకున్నారు.

తర్వాతి రమాబాయి మనల్ని ఇబ్బంది పెడుతుంది. 1896–97 కరువులో వందలమంది స్త్రీలను తెచ్చి కేడ్‌గావ్‌లో నిలబెట్టిన ఆశ్రమానికి ‘ముక్తి’ అని పేరు పెట్టింది. అక్కడ ప్రార్థనా క్రమశిక్షణ గట్టిది. జెరాల్డీన్‌ను ప్రశ్నించినట్టు రమాబాయిని ప్రశ్నించే వీలు ఆ కరువు పిల్లలకు ఎంత ఉండింది? తిండీ నీడా ఇచ్చిన చేతిని కాదనడం తేలిక కాదు. ఈ ప్రశ్నను దాటవేస్తే మనం కూడా ఇంకో భక్తకథే రాసినవాళ్ళమవుతాం.

కానీ ఆమె చివరి పనిని కూడా చూడాలి. మరాఠీ బైబిల్‌లోని సంస్కృత పదాలు మామూలు ఆడవాళ్ళకు కొరుకుడు పడవని, హీబ్రూ, గ్రీకు నేర్చుకుని మొత్తం బైబిల్‌ని వాడుక మరాఠీలోకి తెచ్చింది. ముక్తి ఆశ్రమం ప్రెస్‌లో దాన్ని ముద్రించే పనిచేసింది అక్కడి స్త్రీలే. 1922 ఏప్రిల్ 5న ఆమె చనిపోయింది. మనకు మోక్షం లేదని రాసిన గ్రంథాలను స్వయంగా చదివి నిగ్గుతేల్చిన స్త్రీ, తాను నమ్మిన గ్రంథాన్ని మధ్యవర్తి లేకుండా చదువుకునే అవకాశాన్ని మిగతా స్త్రీలకు ఇచ్చి వెళ్ళింది.

విశ్వాసం అనగానే దాన్ని లొంగుబాటుగా లెక్కకట్టడం మన విమర్శలో అలవాటైపోయింది. రమాబాయి విషయంలో ఆ లెక్క కుదరదు. ఆమె మతం మారడమే కాదు, మారాక కూడా ప్రశ్నించే హక్కును వదులుకోలేదు. స్వేచ్ఛ అన్నమాటకు ఆమె జీవితంలో నికరమైన అర్థం అదే.