సంఘం పరపతి, సభ్యురాలి స్కోరు

ఇప్పుడు బ్యాంకు గడప తొక్కిన ప్రతి సభ్యురాలికీ ఎదురయ్యే మొదటి ప్రశ్న "సిబిల్ ఎంతుందమ్మా?" అన్నదే. ఇరవై ఏళ్ళ కిందట ఈ మాట మన ఊళ్ళలో ఎవరికీ తెలియదు. అప్పుల్లో మునిగి లేచిన మనిషికి మళ్ళీ అప్పు పుట్టాలంటే ఈ నంబరు నిజంగా కావాలా, సంఘం మాట చాలదా అని ఈ ఏడాది సమావేశాల్లో చాలాసార్లు చర్చ వచ్చింది. మనకు పరపతి ఎలా వచ్చింది, ఎలా పోయింది, మళ్ళీ ఎలా వచ్చింది అన్నది తెలిస్తే తప్ప దీనికి జవాబు దొరకదని మాకు అనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మా అమ్మల కాలంలో ఆడమనిషికి అప్పు కావాలంటే చెవి కమ్మలో, ఇత్తడి బిందెలో తాకట్టుకు పోవాల్సిందే. నూటికి మూడు రూపాయలు, ఐదు రూపాయలు వడ్డీ. వడ్డీ వ్యాపారికి మనిషి నిజాయితీతో పని లేదు, వస్తువు బరువుతోనే పని. బ్యాంకుకు పోతే పొలం కాగితాలు అడిగేవాళ్ళు, అవి మగవాళ్ళ పేరున ఉండేవి. 1992లో నాబార్డు దేశం మొత్తం మీద 500 సంఘాలతో ఒక ప్రయోగం పెట్టింది. తాకట్టు లేదు, జామీను లేదు. సంఘం చేసిన పొదుపును బట్టి, దానికి నాలుగు రెట్ల వరకు బ్యాంకు అప్పు ఇవ్వొచ్చు. ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద లేచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బులో రోజుకు రూపాయి దాచుకుందామన్న ఆలోచన ఆ ఉద్యమంలోంచే పొదుపు సంఘాలుగా పెరిగింది.

ఆ కాలంలో మన స్కోరు ఏదీ అంటే మినిట్స్ పుస్తకమే. సమావేశానికి వచ్చిందా, పొదుపు కట్టిందా, తీసుకున్నది తిరిగి ఇచ్చిందా, అంతే. కిస్తీ ఆగితే ఎందుకు ఆగిందో కూడా పదిమందికీ తెలిసేది. మొగుడు తాగి కొడితే ఆగిందా, బిడ్డకు జ్వరమొచ్చి ఆగిందా, లేక ఉండి కూడా కట్టలేదా అని తేల్చుకునే వాళ్ళం. 2004లో పావలా వడ్డీ వచ్చాక బ్యాంకులు కూడా సంఘాలకు ధైర్యంగా ఇవ్వసాగాయి.

ఆ ధైర్యాన్ని చూసే మైక్రో ఫైనాన్సు కంపెనీలు ఊళ్ళోకి దిగాయి. సంఘాలు కట్టి అలవాటు చేసిన ఆడవాళ్ళు ఎదురుగా ఉన్నారు, వాళ్ళకు కొత్తగా నేర్పే పని లేదు. వారం వారం కిస్తీ, 50 వారాలు. లెక్క కోసం చూడండి: పదివేలు ఇచ్చి వారానికి 225 చొప్పున 50 వారాలు కట్టించుకుంటే మొత్తం 11,250. పైకి పన్నెండున్నర శాతమే. కానీ అసలు వారం వారం తగ్గుతూ ఉంటుంది కదా, వడ్డీ మాత్రం మొదటి రోజు పదివేల మీదే కట్టాము. అసలు లెక్క వేస్తే పాతిక శాతం దాకా తేలుతుంది. ఈ లెక్క అప్పుడు మాకు చెప్పిన వాళ్ళు లేరు. 2006లో మన కృష్ణా జిల్లాలో అధికారులు ఇలాంటి కంపెనీల శాఖలు యాభై దాకా మూయించారు. మాలో చాలామంది అప్పటికి బడికి పోయే పిల్లలం. ఇంటి ముందు కిస్తీ మనిషి కూర్చుంటే అమ్మ పెరటి దారిన పోవడం మాకు గుర్తుంది.

అయినా ఆగలేదు. ఒక కంపెనీ అప్పు తీర్చడానికి ఇంకో కంపెనీలో తీసుకోవడం, దానికోసం మూడోది. అప్పట్లో ఏ కంపెనీకీ పక్క కంపెనీ ఎంత ఇచ్చిందో తెలిసే దారి సరిగా లేదు, తెలుసుకోవాలన్న తొందర కూడా లేదు. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత అది చట్టమైంది. కంపెనీలు రిజిస్టరు చేసుకోవాలి, వారం కిస్తీ బదులు నెల కిస్తీ, ఇంటి మీదకు రాకూడదు, అసలును మించి వడ్డీ గుంజకూడదు. వసూళ్ళు దాదాపుగా నిలిచిపోయాయి.

ఊపిరి పీల్చుకున్నాము, నిజమే. కానీ చాలామంది గమనించని మార్పు ఆ తర్వాతే జరిగింది. 2011లో రిజర్వు బ్యాంకు మైక్రో ఫైనాన్సు కంపెనీలకు కొత్త నిబంధనలు పెట్టింది. అప్పు తీసుకున్న ప్రతి మనిషి వివరం క్రెడిట్ సమాచార సంస్థకు ఇవ్వాలన్నది అందులో ఒకటి. 2000లో మొదలైన సిబిల్‌తో కలిపి ఇప్పుడు దేశంలో ఇవి నాలుగు ఉన్నాయి. స్కోరు 300 నుంచి 900 వరకు. 2016లో బ్యాంకులు సంఘం అప్పులో కూడా ఏ సభ్యురాలికి ఎంత వాటా అన్నది తెలపాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. అప్పటిదాకా సంఘానికి ఉన్న పేరు, మెల్లగా ఒక్కొక్కరి పేరు మీదకు చీలడం మొదలైంది.

మాఫీల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఏ ప్రభుత్వాన్నీ తప్పుపట్టడానికి కాదు. 2014 ఎన్నికల తర్వాత డ్వాక్రా అప్పు మాఫీ అవుతుందని ఎన్నో సంఘాలు కిస్తీలు ఆపాయి. సంఘంలో పదిమందిలో ఆరుగురు ఆపితే, కట్టిన నలుగురి డబ్బు కూడా ఆ బాకీలోనే కలిసిపోయింది. తర్వాత 2019 ఏప్రిల్ 11 నాటికి ఉన్న బాకీని ఆసరా పేరుతో 2020 నుంచి నాలుగు విడతల్లో ఇచ్చారు. డబ్బు వచ్చింది. కానీ బాకీ ఎవరు కట్టినా, ఆలస్యమైన నెలలు ఆలస్యమైన నెలలే. సకాలంలో కట్టిన నలుగురికి ఏం మిగిలింది అని మా సమావేశంలో ఒక పెద్దమ్మ అడిగితే ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మా సంఘంలో ఒక సభ్యురాలి ఆధార్ మీద ఆమె భర్త ఒక ఫైనాన్సు కంపెనీలో టీవీ, ఫోను తీసుకున్నాడు. కరోనాలో కిస్తీలు ఆగాయి. కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి సగం కడితే వదిలేస్తామంటే కట్టేసింది, పీడ వదిలిందనుకుంది. రెండేళ్ళకు గేదెల కోసం సొంతంగా లక్ష రూపాయల అప్పుకు పోతే బ్యాంకు తిప్పి పంపింది. ఆమె రిపోర్టులో ఆ అప్పు పక్కన "సెటిల్డ్" అని ఉంది. పూర్తిగా తీర్చితే "క్లోజ్డ్" అని పడుతుంది. ఈ రెండు మాటల తేడా సగం డబ్బు మిగిలిందన్న సంతోషంలో ఎవరికీ కనపడదు. సంఘం ఆమెకు అంతర్గత అప్పు ఇచ్చింది. మిగతా సగం కట్టించి, కాగితం తీసుకుని, రిపోర్టులో మార్పించాము. ఒక చిన్న బంగారం అప్పు తీసుకుని నెల తప్పకుండా కట్టింది. ఏడాదిన్నర పట్టింది. తర్వాత అదే బ్యాంకు ఇచ్చింది.

ఆమెను నిలబెట్టింది స్కోరు కాదు, సంఘం. కానీ సంఘం నిలబెట్టిన సంగతి బ్యాంకుకు తెలిసింది స్కోరు ద్వారానే. సంఘం మాట మండలం దాటి పోదు. మన ఆడపిల్ల పెళ్ళయి వేరే జిల్లాకు పోతే, ఇక్కడ పదేళ్ళు కట్టిన పొదుపు అక్కడ బ్యాంకు మేనేజరుకు తెలియదు. భర్త వదిలేసిన మనిషి హైదరాబాదు పోయి కుట్టు మిషను పెట్టుకోవాలంటే మన మినిట్స్ పుస్తకం వెంట తీసుకుపోలేదు. ఆ నంబరు మాత్రం ఆమెతో పోతుంది. అది ఎందుకు ఆలస్యమైందో అడగదు, వరదొచ్చిందో రోగమొచ్చిందో దానికి పట్టదు. ఆ లోపం ఉన్నా, సంఘం అప్పు వరకు సంఘం గ్రేడు సరిపోవచ్చు గానీ, సొంత పేరున అప్పు కావాలన్న వాళ్ళకు స్కోరు కావాల్సిందే అన్నది మా అభిప్రాయం.

స్కోరు తక్కువ ఉండడం వేరు, అసలు లేకపోవడం వేరు. ఎప్పుడూ అప్పు తీసుకోని మనిషిని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది, గట్టిగా అడగండి. ఏడాదికి ఒకసారి నాలుగు సంస్థల దగ్గరా మన రిపోర్టు ఉచితంగా చూసుకోవచ్చు. తప్పు ఉంటే ఫిర్యాదుకు రూపాయి ఖర్చు లేదు, 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు వంద రూపాయలు వాళ్ళే ఇవ్వాలి. రెండువేలు ఇస్తే స్కోరు పెంచుతామని ఫోన్లు చేసేవాళ్ళను నమ్మొద్దు. నిజంగా ఎగ్గొట్టిన బాకీని ఎవరూ తుడిచేయలేరు.

2025 జనవరి నుంచి బ్యాంకులు పదిహేను రోజులకొకసారి ఈ వివరాలు పంపాలన్న నిబంధన వచ్చింది. సంఘం అప్పులో ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అన్నది బ్యాంకు పాస్‌పుస్తకంలో ఉండదు, అందులో సంఘం మొత్తమే ఉంటుంది. అది మన పుస్తకాల్లో ఉంటుంది. అందుకే ఈ ఏడాది మా గ్రామ సంఘంలో తీర్మానం చేసుకున్నాము: ప్రతి సభ్యురాలి వాటా, కట్టిన తేదీ, మొత్తం విడివిడిగా రాయాలి, ఆమె సంతకం పెట్టించాలి, ఆ కాపీ నెలనెలా బ్యాంకు మిత్ర చేతికి ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఏప్రిల్ నుంచి పదకొండు సంఘాలు రాస్తున్నాయి, మూడు ఇంకా రాయాలి.