బొగ్గులోంచి వచ్చిన కుట్టుదారం

1938 అక్టోబరులో డ్యూపాంట్ కంపెనీ నైలాన్‌ను లోకానికి పరిచయం చేస్తూ, ఇది బొగ్గు, నీరు, గాలితో చేసిన దారం అని ప్రకటించింది. అప్పట్లో దాని ముడిసరుకు బొగ్గు తారు నుంచే వచ్చేది. సరిగ్గా పదేళ్లకు, 1948లో, ఇంగ్లండులో మొలోనీ అనే సర్జన్ ఆ నైలాన్ దారంతో హెర్నియా సందును రఫూ చేసినట్టు అల్లి కుట్టాడు. ఈ సంగతి తెలిసిన క్షణం నాకు బొగ్గుగనుల ఊరు గోదావరిఖనే కళ్లముందు మెదిలింది. తట్టా, చెమ్మస్ (పార)తో బొగ్గెత్తి టబ్బులు నింపిన ఫిల్లర్ల ఊరది. బరువులూ, దుమ్ముతో పట్టుకున్న దగ్గూ పొత్తికడుపు గోడ మీద ఒత్తిడి పెంచుతాయి. ఆ గోడ బలహీనపడిన చోట పేగు జారుతుంది. అదే హెర్నియా. బొగ్గుబాయిలో మనిషి ఎత్తిపోసిన బొగ్గే దారమై అలాంటి గోడను కుట్టిందంటే ఎంత ఆశ్చర్యం!

పేగు జారడాన్ని మన ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు ఆంత్రవృద్ధి అన్నాడు. అక్కణ్ణించి ఒక్క అంగలో ఇటలీకి రావాలి. 1867లో రోము విముక్తి కోసం పోరాడుతూ ఎడ్వార్డో బస్సీని అనే యువ వైద్యుడు గజ్జల్లో బాయ్‌నెట్ పోటు తిన్నాడు. గాయంలోంచి మలం కారుతుండగా నెలల తరబడి మంచం పట్టి, బతికి బట్టకట్టాడు. ఆయనే 1880లలో గజ్జల్లోని కండరాల పొరలను దగ్గరికి లాగి కుట్టే పద్ధతి కనిపెట్టి ఆధునిక హెర్నియా శస్త్రచికిత్సకు ఆద్యుడయ్యాడు. చిక్కల్లా ఆ లాగడంలోనే ఉంది. బిగువుకు కుట్లు తెగితే పేగు మళ్లీ జారేది.

ఈ చిక్కుకు వేర్వేరు కాలాల్లో రకరకాల దారాలూ, మధ్యలో పెట్టే అడ్డులూ ప్రయత్నించారు. అమెరికాలో మార్సీ అనే సర్జన్ కంగారూ స్నాయువులతో కుట్టాడు. వెండి తీగల వల పెడితే విరిగింది. 1940లలో టాంటలం లోహపు జాలీ వచ్చింది. అదీ కాలక్రమంలో ముక్కలై లోపలే గుచ్చుకుంది. నైలాన్ కూడా ఒంట్లో ఏళ్లు గడిచేకొద్దీ బలం కోల్పోతుందని తేలింది.

నాకు మహా ఇష్టమైన కాలం ఆ తర్వాతిది. 1951లో ఓక్లహోమాలోని ఫిలిప్స్ పెట్రోలియం కంపెనీలో హోగన్, బ్యాంక్స్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు గట్టి ప్లాస్టిక్కులు కనిపెట్టారు. కంపెనీ వాటికి మార్లెక్స్ అని పేరు పెట్టి అమ్మకానికి తెస్తే, మొదట్లో నాణ్యత కుదరక సరుకు గోదాముల్లో పేరుకుపోయింది. 1958లో అమెరికా పిల్లలంతా నడుము చుట్టూ హూలా హూప్ తిప్పడం మొదలెట్టారు. ఆ రింగులకు కావలసింది ఈ ప్లాస్టిక్కే! గోదాములు ఖాళీ అయ్యాయి. అదే ఏడాది హ్యూస్టన్ సర్జన్ ఫ్రాన్సిస్ అషర్ మార్లెక్స్ పోగులతో నేసిన మెష్‌ను (జాలీని) హెర్నియాకు వాడిన ఫలితాలు ప్రచురించాడు. పిల్లల నడుము చుట్టూ తిరిగిన పదార్థం పెద్దల గజ్జల్లో చోటు సంపాదించింది. ఆ మార్లెక్స్ పాలిథిలిన్ స్టెరిలైజేషన్ వేడికి తట్టుకోకపోవడంతో, 1960ల తొలినాళ్లలో ఆయన పాలీప్రొపిలీన్‌కు మారాడు. ఈనాటికీ ఎక్కువమందికి వేసే శాశ్వత మెష్ అదే. కండరాన్ని లాగకుండా మెష్ పరిచే పద్ధతిని లిక్టెన్‌స్టీన్ అనే సర్జన్ బృందం 1989లో వెల్లడించాక అది లోకమంతా పాకింది.

మన దేశంలో మెష్ ఖరీదే అడ్డంకి అయింది. మహారాష్ట్రలోని దోండాయిచా అనే చిన్న ఊళ్లో డాక్టర్ రవీంద్రనాథ్ టోంగావ్‌కర్ దోమతెర గుడ్డను కత్తిరించి, శుద్ధిచేసి మెష్‌గా వాడారు. నవ్విపోదురు గాక అనుకుని చేసిన పని. ఉగాండాలో 302 మంది మగవాళ్ల మీద చేసి 2016లో ప్రచురించిన పరీక్షలో, దోమతెర మెష్‌కూ ఖరీదైన మెష్‌కూ ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కూలిజనం ఉన్న ప్రతి ఊరూ టోంగావ్‌కర్‌కు రుణపడి ఉంది.

ఇక కరిగిపోయే మెష్. విక్రిల్ రకం రెండు మూడు నెలల్లో ఒంట్లో కలిసిపోతుంది. లోపలి మచ్చ గట్టిపడక ముందే ఆధారం పోతుంది కాబట్టి దాన్నే నమ్ముకుంటే హెర్నియా తిరగబెడుతుంది. చీము పట్టిన గాయాల్లో, కడుపు మూయలేని అత్యవసరంలో మాత్రం ప్రాణం కాపాడుతుంది. బాక్టీరియాతో తయారుచేసే కొత్త రకం ఏడాది, ఏడాదిన్నర నిలుస్తుంది. కానీ చాలా ఖరీదు. బరువులెత్తి బతికే మనిషి గజ్జలకు ఇప్పటికి శాశ్వత మెష్‌దే పైచేయి అని నా అభిప్రాయం.

అయితే ఒక నష్టం నన్ను బాధిస్తుంది. సొంత కండతోనే బాగుచేసే బస్సీని చేతి నేర్పు కొత్త సర్జన్లలో అరుదైపోతోంది. మెష్ వల్ల కొందరికి ఏళ్ల తరబడి నొప్పి మిగులుతుంది. అసలు మెష్ వద్దనుకునేవాళ్లకు ఆ నేర్పు ఉన్న డాక్టరు దొరకాలి కదా! మెష్ లేకుండా కుట్టే పద్ధతిని 2001లో ప్రచురించిన పుణే డాక్టర్ దేశార్డా లాంటివాళ్లు ఆ దారి పూర్తిగా మూసుకుపోకుండా చూశారు.

మీ ఇంట్లో ఎవరికైనా హెర్నియా ఆపరేషన్ అంటే, వేసేది శాశ్వత మెషా, కరిగేదా, ఎందుకని డాక్టరును అడగండి. మెష్ పేరు డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. ఇరవై ఏళ్లకు అక్కడ మళ్లీ నొప్పి వస్తే, చూసే సర్జన్ మొదట అడిగేది ఆ కాగితమే.